రేపు తెలియని వారికి రేపటి కబురు

నమోదు 212. మందు పడే దినానికి పదకొండు రోజులు.

ఉదయం ఇనుపీగను కుంకుడు నీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి, ఏడో తేనెపట్టు నుంచి తెచ్చిన మైనాన్ని పలుచగా పూశాను. ఈ మైనపు వాసన లేకపోతే పట్టు మీది ఈగలు దానిని తమలో ఒకటిగా ఎంచవు. అది నా చిటికెనవేలి కొసంత ఉంటుంది. రెక్కలున్నది ఎగరడానికి కాదు, వణకడానికి. చరియ పగులులో బిగించిన సన్నని ఉక్కు పుల్ల దానిని పట్టు అంచున నిలబెడుతుంది. నేను పైన కూర్చుని దానిచేత నాట్యం చేయిస్తాను. నా పత్రాలలో దాని పేరు పదమూడు అంకెలు. ఇనుపీగ అని పిలిచినది ఈ పెంటవారు, అంటే ఈ చెంచు గూడెంవారు. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను.

పెరగుండ్ల చరియ మీద ఈ ఏడు ముప్పై ఒక్క పట్టులు దిగాయి. ఎదుటి చరియ మీద పోయిన ఏడు నలభై ఉండేవి. ఇప్పుడు అక్కడ బండ మీద అర్ధచంద్రాకారపు నల్లమచ్చలు మాత్రమే ఉన్నాయి. ఆ ఈగలు మందు కొట్టిన పొలానికి మేతకు వెళ్లాయి. ఒకటిన్నర రోజులో అంతా అయిపోయింది. ఈగలు లేని ఏళ్లలో పెరిగినదానిని నేను. మా అమ్మ గుమ్మడి పూలకు కుంచెతో పుప్పొడి అద్దడం చూశాను. ఈ ముప్పై ఒకటీ పోతే ఈ పీఠభూమి మీద మరొక పట్టు లేదు; తేనె మీద బతికే ఈ పెంటకు మరొక బతుకూ లేదు.

మధ్యాహ్నం మైదానపు పంటల మండలి నుంచి కబురు వచ్చింది. ఈశాన్యాన ఐదు కిలోమీటర్ల దూరంలో మూడు వందల ఎకరాల పొద్దుతిరుగుడు విరగబూసింది. దానికి లద్దె పురుగు పట్టింది. పదకొండో రోజు తెల్లవారగానే మందు పడుతుంది. ముప్పై గంటలు దాని విషం నిలుస్తుంది. మా ఈగలలో నూటికి ఎనభై ఇప్పుడు ఆ పొలానికే వెళుతున్నాయి.

వాయిదా వేయమని రాశాను. జవాబు మర్యాదగానే ఉంది: "పురుగు ఆగదు గనుక మందు ఆగదు. ఈగల భాష తెలిసినవారు మీరు. ఆ ఒక్క రోజూ రావద్దని వాటికే చెప్పగలరని మనవి."

చదివి నవ్వబోయి ఆగిపోయాను. చెప్పగలనా?

ఈగల నాట్యం ఎంత అందమైనదో అంత ఇరుకైనది. నిలువుగా వేలాడే పట్టు మీద పైవైపు అంటే సూర్యుని వైపు. మేత సూర్యునికి ఎంత పక్కగా ఉంటే, నాట్యగత్తె నిలువుకు అంత పక్కగా ఒరిగి నడుస్తుంది. తోక ఊపుతూ నడిచిన సేపు దూరాన్ని చెబుతుంది. మేత మంచిదైన కొద్దీ చుట్లు పెరుగుతాయి. "అక్కడ ఉంది, ఇంత దూరం, ఇంత మంచిది." అంతే. నిన్న లేదు, రేపు లేదు. "ఒకవేళ" లేదు. ప్రశ్న లేదు. మనిషి కాని జీవులలో కనబడని చోటును గురించి ఇంత కచ్చితంగా చెప్పగలిగినవి వేళ్ల మీద లెక్కించవచ్చు. అటువంటి వాటికి కూడా ఇంకా జరగనిదానిని గురించి చెప్పే దారి లేదు.

రేపు తెలియని వారికి రేపటి కబురు చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

నమోదు 213. పది రోజులు.

ఇనుపీగను పట్టు వద్ద నిలపడానికి పెంటలో తేనె తీసే ఈదన్న తాడు మీద దిగాడు. అతని కోసం రాజధాని నుంచి తాడు దింపే ఒక యంత్రపు చక్రాన్ని తెప్పించి ఉంచాను. రెండు వందల కిలోల బరువు మోస్తుంది, జారదు, అలవదు. ఈదన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"మంచిగనే ఉన్నదమ్మా. దీనికి చెల్లె ఉన్నదా?"

నాకు అర్థం కాలేదు. ఈదన్న భార్య ఈరమ్మ ఈగలను తోలే పొగకట్టకు పచ్చి ఆకులు చుడుతూ నవ్వింది.

"తాడు పట్టేది పెండ్లాం అన్నో తమ్ముడో కావాలె, హైమమ్మా. తాడు వదిలితే ఎవని చెల్లె ముండమోస్తది? వాని చెల్లెనే గద. అందుకని వదలడు. నీ చక్రానికి ఎవరున్నరు?"

కనుక తాడు పట్టినది ఈరమ్మ అన్న బయన్న. విడ్డూరమేమిటంటే, ఈ బావాబామ్మర్దులిద్దరికీ ఏడాదిగా మాటలు లేవు. రెండు మూరల దూరంలో నిలబడి నా ద్వారా మాట్లాడుకుంటారు.

"అమ్మా, వానికి చెప్పు. నిన్న ఎడమకు గుంజిండు, నా మోకాలు బండకు కొట్టుకున్నది."

"అమ్మా, ఆయనకు చెప్పు. మోకాలు ఇంట్ల పెట్టి రమ్మను."

తాడుకు మాత్రం వారి మధ్య వేరే భాష ఉంది. ఒక గుంజు అంటే ఆపు, రెండు అంటే దింపు, మూడు అంటే పైకి లాగు. అరవై నిలువుల లోతుకు ఈదన్న ఆ మూడింటిని నమ్ముకుని దిగుతాడు.

మాటలు ఎందుకు పోయాయని ఈరమ్మను అడిగాను. పోయిన ఏడు ఈదన్న సరసానికి, ముసలిమడుగు లోయలో మనిషి ఎత్తు పట్టు ఉందని బయన్నతో చెప్పాడట. బయన్న బుట్ట, కత్తి, సొరకాయ బుర్ర మోసుకుని పొద్దంతా నడిచి వెళితే అక్కడ ఉన్నది కందిరీగల గూడు.

"ఈయన నవ్విండు, ఆయన నవ్వలే. అంతే," అంది ఈరమ్మ.

నమోదు 215. ఎనిమిది రోజులు.

మొదటి ప్రయత్నం విఫలమైంది. తప్పు నాది. వివరంగా రాస్తున్నాను.

"అక్కడికి వెళ్లకండి" అనలేను కనుక "ఇటు రండి" అనాలని నిశ్చయించుకున్నాను. పడమటి లోయలో మోదుగ అప్పుడప్పుడే విచ్చుతోంది. ఇనుపీగ చేత ఆ దిక్కుకు నాట్యం చేయించాను. ఇక్కడే పొరబడ్డాను. ఉన్న పూత చాలా తక్కువ. అయినా పొద్దుతిరుగుడు నాట్యాలకు పోటీగా నిలవాలని చుట్లను మూడింతలు చేశాను. మంచి పని కోసం కొంచెం పెంచి చెప్పడం మనకు ఎంత అలవాటంటే, పెంచుతున్నానన్న స్పృహ కూడా నాకు కలగలేదు.

మొదటి రోజు నూట పన్నెండు ఈగలు ఆ మాట నమ్మి లోయకు వెళ్లాయి. ఖాళీ కడుపులతో తిరిగివచ్చాయి. రెండో రోజు మూడు. మూడో రోజైన ఈ రోజు ఒక్కటీ లేదు. ఇనుపీగ ఎంత ఆడినా చుట్టూ ఖాళీ జాగా మిగిలింది.

పట్టును చూపే తెర మీద ఇది చూసి బయన్న తల పంకించాడు. "మూడు దినాలల్ల కనిపెట్టినయి. నాకు ఒక పొద్దు పట్టింది."

"అమ్మా, వానికి చెప్పు..." అని ఈదన్న మొదలుపెట్టి, తాడు చుట్టడంలో పడ్డాడు.

సాయంత్రానికి పెంటలో ఇనుపీగ పేరు మారింది. ఇప్పుడది అబద్ధాలీగ. అబద్ధం అనేది లేని పట్టులోకి మొదటి అబద్ధాన్ని మోసుకుపోయినది నేనని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నమోదు 217. ఆరు రోజులు.

రెండో ప్రయత్నం కూడా నిలవలేదు. అయినా ఈ రోజు రాస్తున్నది దిగులుతో కాదు.

ఈగలకు "వద్దు" ఉంది.

మేతకు వెళ్లిన చోట సాలీడో, కందిరీగో మీద పడితే, తప్పించుకుని వచ్చిన ఈగ ఊరుకోదు. అదే చోటును పొగుడుతూ ఆడుతున్న నాట్యగత్తెను వెతికి, తలతో ఒక్క పోటు పొడిచి, సన్నగా "పీ" అంటుంది. రెప్పపాటు కంటే పొట్టి శబ్దం. నాట్యగత్తె ఒక క్షణం బిగుసుకుపోతుంది. చాలామంది వచ్చి పొడిస్తే నాట్యం మానేస్తుంది. బండకు అంటించిన వినికిడి పలకలో ఆ "పీ"లను గంటకు పది, పదిహేను వింటూనే ఉన్నాను.

ఇనుపీగకు పోటు నేర్పించాను. పొద్దుతిరుగుడు నాట్యగత్తెలను ఒక్కొక్కదానినే పొడిచింది. ప్రతిదీ ఆగింది! ఒక ఊపిరి సేపు ఆగి, మళ్లీ ఆడింది. తొమ్మిది మంది ఆడుతుంటే పొడిచేది ఒక్కతే. పైగా నాకున్నది ఒక్క ఇనుపీగ, చరియ మీద ఉన్నవి ముప్పై ఒక్క పట్టులు.

ఈరమ్మకు జొన్నరొట్టెల దగ్గర ఇదంతా వివరించాను. ఆమె శ్రద్ధగా విని, "దెబ్బ తినని దాని మాట ఎవరింటరు?" అంది.

నమోదు 218. ఐదు రోజులు.

ఈ రోజు నా అజాగ్రత్త వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ఇనుపీగ పుల్ల వదులైందని ఈదన్న తెల్లవారగానే దిగాడు. నేను ఇనుపీగను కడిగి, మైనం పూసి, అతని నడుము సంచిలో పెట్టి పంపాను. అతను దానిని పుల్లకు తగిలించి చేయి తీసేలోపే ఏడో పట్టు మొత్తం ఒక్కసారి అలలాగా లేచింది. ముందు ఇనుపీగ మీద నల్లగా ముసిరాయి. తరువాత ఈదన్న మీద.

తాడు గుంజడానికి అతనికి చేయి ఖాళీ లేదు. బయన్న గుంజు కోసం చూడలేదు. తాడు బరువు మారగానే లాగడం మొదలుపెట్టాడు. అరవై నిలువుల తాడును ఆగకుండా లాగాడు; అరచేతుల చర్మం తాడుకు అంటుకుపోయింది. పైకి చేరేసరికి ఈదన్న ముఖం గుర్తుపట్టలేకుండా ఉంది. ముళ్లు తీస్తూ లెక్కించాను: నలభై మూడు. నా పెట్టెలోని విరుగుడు సూది వేశాను. ఊపిరి కుదుటపడేదాకా అతని చేయి పట్టుకునే కూర్చున్నాను.

ఈరమ్మ నా చేతిని తన ముక్కు దగ్గరకు లాక్కుని వాసన చూసింది.

"అరటిపండు తిన్నవా?"

తిన్నాను. రోజూ తింటాను; ఈ రోజు ఇనుపీగను కడిగాక పండు తిని, ఆ చేతితోనే మైనం పూశాను. గాలిబండి మోసుకొచ్చే బత్తెంలో పళ్లంటే అరటే. కాయ పట్టడానికి ఈగ అక్కరలేని పండు గనుక ఈగలు లేని ఏళ్లలో మాకు మిగిలిన పండు అదొక్కటే. నేను అరటిపండు మీదనే పెరిగాను.

"తేనెపెర కాడికి పొయ్యేనాడు అరటిపండు తినొద్దు, ముట్టొద్దు. ఈగ కుట్టినప్పుడు గదే వాసన వస్తది. ఒకటి కుట్టిందనుకుని అన్నీ లేస్తయి. నీకెవ్వరూ చెప్పలేదా?"

వాచిన కళ్లతోనే ఈదన్న బయన్న వైపు తిరిగాడు. "అమ్మా, అడుగు వాన్ని. చెప్పలేదా?"

చేతులకు పసుపు అద్దుకుంటున్న బయన్న అన్నాడు: "ఆయన చెప్పిండనుకున్న. ఆయనను అడుగు, ఎందుకు చెప్పలే?"

"వాడు చెప్పిండనుకున్న."

ఈరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ మూగనోము మన్నుగాను! ఈగలన్న ఒకదానికొకటి చెప్పుకుంటయి."

ఆ మాట విన్నప్పుడు నేను ఈదన్న వీపుకు సున్నం రాస్తున్నాను. చేయి అక్కడే ఆగిపోయింది. అరటి. మైదానం. దెబ్బ తిన్నది చెబితేనే వింటారు. రేపు జరగబోయేదానిని వాటికి చెప్పలేను. కాని ఈ రోజే అక్కడ ఏదైనా జరిగేటట్టు చేయగలను. అప్పుడు చెప్పడం నా పని కాదు, వాటి పని.

నమోదు 219. నాలుగు రోజులు.

పొద్దుతిరుగుడు రైతుల పెద్ద జంగమ్మ గారిని కలవడానికి ఈరమ్మతో కలిసి మైదానానికి దిగాను. మిగలపండిన ఆరు అరటిపళ్లు, పాత చీర పేలికలు తీసుకువెళ్లాను. ఆమె పొలం మూలలో ఒక్క వరుసకు పరీక్ష చేయనివ్వమని అడిగాను.

జంగమ్మ గారు పళ్లను చూసి, నన్ను చూసి, ఈరమ్మను అడిగారు: "ఏంది, ఈగలకు సీమంతమా?"

"కాదక్కా. బెదిరిచ్చుడు."

"అరటిపండుతోని?"

"కాదా మల్ల. నీ మొగన్ని నువ్వు చీపురుతోని బెదిరిస్తలేవా? ఎవనికి భయమైంది వానికి."

జంగమ్మ గారు పెద్దగా నవ్వి గట్టు దిగనిచ్చారు. కాని ఆమె వేసిన ప్రశ్న నా సహోద్యోగులెవరూ వేయనంత సూటిగా ఉంది: "బిడ్డా, నాకు మందు పడాలె, పురుగు సావాలె. అయినంక ఈగ రావాలె, గింజ పట్టాలె. నువ్వు గిట్ల బెదిరిస్తే అవి మల్ల రాకపోతే?"

నా దగ్గర అంకెలున్నాయి కనుక ధైర్యంగా చెప్పాను. "ఈగ 'వద్దు' రెండు రోజులకు మించి నిలవదమ్మా. దెబ్బ తిన్న ఈగ మరచిపోతుంది, లేదా మరొకటి వచ్చి చూసి బాగానే ఉందని చెబుతుంది. మన 'వద్దు'లాగా ఏళ్ల తరబడి ఉండదు."

"మంచి జాతి," అన్నారామె.

పళ్లు నలిపి, పేలికలకు పూసి, పూల పక్కన పుల్లలకు కట్టాము. నేను గట్టెక్కి చూశాను. గూటి దగ్గర "పోట్లాడు" అనే వాసన, గూటికి ఐదు కిలోమీటర్ల దూరంలో "పారిపో" అవుతుంది. కాపాడుకోవలసింది అక్కడ ఏమీ లేదు కదా. ఈగలు పూల మీద వాలబోయి, గాలిలోనే వెనక్కు జంకి, దిశ తిప్పుకుని కొండకు మళ్లాయి. ఎవరినీ కుట్టలేదు. చరియ మీద పలక దగ్గర కాపున్న బయన్న సందేశయంత్రంలో ఒకే ముక్క చెప్పాడు:

"పీపీలు ఎక్కువైనయి. గంటల యాభై నాలుగు."

ఒక్క వరుసకు యాభై నాలుగు! గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. నా వయసుకు తగని పని. జంగమ్మ గారు కూడా కొట్టారు కనుక పరవాలేదు.

వెంటనే బత్తెపు కార్యాలయానికి రాశాను: "మిగలపండిన అరటి, నాలుగు క్వింటాళ్లు, అత్యవసరం."

కారణం తెలుపమన్నారు.

"సంభాషణ కొరకు" అని రాసి పంపాను.

నమోదు 221. రెండు రోజులు.

అరటి వచ్చింది. పెంట ఆడవాళ్లు, జంగమ్మ గారి మనుషులు కలిసి నలభై మంది. పొద్దంతా నలపడం, పూయడం, కట్టడం. మూడు వందల ఎకరాలకు తొమ్మిది వేల పేలికలు. చీరలు చాలక జంగమ్మ గారు తమ ఇంటి కిటికీ తెరలు చింపించారు. పొలమంతా రంగురంగుల పీలికలతో జాతరలాగా ఉంది. మా చేతులు, జుట్టు, అన్నం, అన్నీ అరటి వాసనే. చరియ దగ్గరకు ఎవరూ పోకూడదని ఈరమ్మ గట్టిగా చెప్పింది. ఈసారి ఒక్కొక్కరికీ విడివిడిగా, ముఖం మీద చెప్పింది.

సాయంత్రానికి ఏడో పట్టులో "పీ"లు గంటకు మూడు వందల పది. పొద్దుతిరుగుడు దిక్కుకు వెళుతున్నవి నూటికి ముప్పై ఐదు. ఇంకా ఎక్కువే.

నమోదు 222. ఒక రోజు.

ఉదయం ఎండకు పేలికలు ఎండిపోయాయి, వాసన తగ్గింది, పొలానికి వెళ్లేవి నూటికి నలభై ఒకటి అయ్యాయి. మళ్లీ నలిపి, నీళ్లు చిలకరించి, తొమ్మిది వేలూ తిరిగి తడిపాము. బయన్న కట్టు కట్టిన చేతులతోనే వచ్చాడు. ఈదన్న ముఖం ఇంకా ఒక పక్క ఉబ్బే ఉంది, అతనూ వచ్చాడు. ఇద్దరూ ఒకే వరుసకు రెండు కొసల నుంచి కడుతూ నడిమికి చేరి, ఏమీ అనకుండా పక్క వరుసలకు మళ్లారు.

మూడు గంటలకు పొలం నుంచే సందేశయంత్రంలో పలక లెక్క చూశాను. గంటకు ఆరు వందల నలభై. యంత్రానికి చెవి ఆనించాను. విడివిడి శబ్దాలు కావు, సన్నని వాన కురుస్తున్నట్టుంది. ఏ నాట్యగత్తె ఈశాన్యానికి ఆడబోయినా రెండు మూడు పోట్లు తగులుతున్నాయి. మోదుగ ఈ వారంలో పూర్తిగా విరిసింది. ఆ నాట్యాన్ని ఎవరూ పొడవడం లేదు. నేను తొమ్మిది రోజుల కింద పెంచి చెప్పిన మాటను ఈ రోజు చెట్లు నిజం చేశాయి. ఇప్పుడు దానిని చెబుతున్నది నేను కాదు.

నూటికి పద్నాలుగు. ఇంకా దిగాలి.

నమోదు 223. మందు పడిన దినం.

గంటల వారీగా రాయలేకపోయాను; జ్ఞాపకం మీద రాస్తున్నాను.

తెల్లవారకముందే ఇనుపీగను ఏడుసార్లు కడిగాను. ఐదు రోజులుగా నేను అరటి ముట్టింది పొలంలోనే. నిన్న సాయంత్రం తలంటుకున్నాను, బట్టలు మార్చాను. ఈరమ్మ నా చేతులు, జుట్టు, ఇనుపీగ, తలంటుకుని వచ్చిన ఈదన్న, బయన్నల చేతులు అన్నీ వాసన చూసి ఒప్పుకుంది. అంత జరిగాక దానిని తిరిగి పట్టు దగ్గర నిలపమని ఈదన్నను అడగలేను.

"నేనే," అన్నాడు ఈదన్న.

"ముఖం ఇంకా తగ్గలేదు కదా?"

"ముఖంతోని దిగుతనా అమ్మా? తాడు పట్టేటోడున్నడు గద."

బయన్న కట్లు విప్పి, చేతులకు బూడిద రాసుకుని, తాడును నడుము చుట్టూ తిప్పుకున్నాడు.

ఎండ చరియను తాకగానే ఈగలు లేవడం మొదలైంది. అదే సమయానికి మైదానం అంచున మందు విమానాలు వెండి చీమల్లాగా బారు తీరాయి. తెర మీద చూపు నిలపలేక నేను ఆకాశం వైపే చూస్తున్నాను. ఈగల దారులు మాకు పైన గాలిలో కనబడతాయి, పొగ చారల వలె. మొదటి చార లేచి, వంగి, పడమటకు పోయింది. రెండోది పడమటకు. మూడోది కూడా.

"బావా!"

ఎవరు అరిచారో వెంటనే తెలియలేదు. ఏడాదిగా ఆ గొంతు ఆ పిలుపు పలకలేదు.

"బావా! పోతలేవే! అటు పోతలేవు, మోదుగలకు పోతున్నయి! ఇన్నవా బావా!"

అరవై నిలువుల కింద నుంచి జవాబు వచ్చింది. "ఇన్న! ఎందుకు అరుస్తవ్ర! ఈగలు లేస్తయ్!"

ఈరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు. నా కళ్లు కూడా సరిగా లేవు. పొలానికి వెళ్లినవి నూటికి ఆరు. ఆ ఆరింటి కోసం నేను చేయగలిగింది లేదు. ఏడో పట్టులో నాలుగు వందల పైచిలుకు ఈగలు తిరిగి రాలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను. మిగిలినవి, ముప్పై ఒక్క పట్టులలోనూ, ఉన్నాయి.

ఇక ఒక్క పని మిగిలింది. ఇన్నేళ్లు ఈగలు ఒకదానితో ఒకటి చెప్పుకునేది చాటుగా విన్నాను. వాటికి నా మాటలు చెప్పాను. ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగడానికి వాటి భాషలో ప్రశ్న లేదు. కాని "అక్కడ మేత ఉంది" అని నేనంటే అవునో కాదో అనగల శబ్దం వాటికి ఉందని ఇప్పుడు తెలుసు. ఐదు చుట్లకు తక్కువైతే ఏ ఈగా లేచి వెళ్లదని నా కొలతలు చెబుతున్నాయి. మూడు చుట్లకే ఆపాలని నిశ్చయించుకుని, ఇనుపీగను ఈశాన్యానికి తిప్పాను.

ఒక చుట్టు. చుట్టూ ఎవరూ లేరు. అబద్ధాలీగను ఎవరు చూస్తారు?

రెండో చుట్టు నడిమిలో, గుంపులో నుంచి ఒక ఈగ వచ్చింది. కుడి రెక్క కొస చిరిగి ఉంది. బాగా తిరిగిన పాత ఈగ. ఇనుపీగ ఎదుట ఒక క్షణం నిలబడింది. తలతో పొడిచింది.

"పీ."

ఆపాను. మూడో చుట్టు ఆడించలేదు.

ఆ శబ్దాన్ని ఇప్పటికి ముప్పైసార్లు విన్నాను. ఒక మనిషి ఈగను అడిగిన మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు అది. ఇనుపీగ మాటను అవి వినడం మానేశాయి. అయినా అది చావుకు పోతానంటే ఊరుకోలేదు. వద్దంది.

నమోదు 226.

విషం విరిగి రెండు రోజులైంది. పేలికలన్నీ విప్పి తగలబెట్టాము. ఉదయం తొమ్మిది గంటలకు ఏడో పట్టు మీద ఒక ఈగ ఈశాన్యానికి ఆడింది. ఒకరిద్దరు వచ్చి పొడిచారు. అది ఆగి, ఆలోచించినట్టు కొంత సేపు నిలిచి, మళ్లీ ఆడింది. మధ్యాహ్నానికి పొడిచేవారు లేరు. జంగమ్మ గారికి కబురు పంపాను: "వస్తున్నాయి."

"రానియ్. తెరలు కుట్టిచ్చుకుంటున్న," అని జవాబు.

ఇది రాస్తుండగా ఈదన్న వచ్చి రాతి మీద కూర్చున్నాడు. బయన్న కొంచెం ఎడంగా తాడు పురి సరిచూస్తున్నాడు. ఈదన్న నావైపు చూసి నోరు తెరిచాడు, "అమ్మా, వానికి..." అని. అంతలో మానుకుని అటు తిరిగాడు.

"బామ్మర్దీ. ముసలిమడుగు లోయల పట్టు దిగింది. మనిషి ఎత్తున్నది."

బయన్న చాలాసేపు అతని ముఖం వైపు, ముఖ్యంగా ఇంకా ఉబ్బు దిగని పక్కవైపు, చూశాడు.

"ఈసారి కందిరీగలైతే తాడు కోస్త," అని, బుట్ట భుజాన వేసుకున్నాడు.

ఈరమ్మ ఇద్దరికీ రొట్టెలు మూటగడుతోంది. మూటలో మూడో మనిషికి కూడా ఉన్నాయని గమనించాను. నమోదు ఇక్కడ ఆపుతున్నాను. చేతులు కుంకుడుతో కడుక్కుని నేనూ బయలుదేరుతాను. అక్కడ పట్టు ఉందో లేదో వెళ్లి చూడాలి.